జాన్‌బీ ఆట పంచాంగం

ఊరి పేరు చెప్పను. గురజాలకీ మాచర్లకీ మధ్య ఎక్కడో అనుకోండి, సరిపోతుంది. పేరు చెబితే ఏ స్టేషనో, ఏ ఆఫీసో అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే జాన్‌బీకి ఇంకో కాగితం టైపు చేసుకునే పని పడుతుంది. ఊరందరి కాగితాలూ టైపు చేసి బతికే మనిషి ఆమె. ఈ ఏడు తన కోసం కూడా ఒకటి టైపు చేసుకోవాల్సి వచ్చింది.

తహసీల్దారు ఆఫీసు గేటుకు ఎదురుగా చలమయ్య గారి గదులు ఆరున్నాయి. మొదటిది ఆయన ఎరువుల కొట్టు, మూడోది జాన్‌బీది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోనే కూర్చుని అర్జీలు, అఫిడవిట్లు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందన్న మొరలు టైపు చేస్తోంది. చదివింది పదో తరగతే. అయినా ప్లీడరు తెచ్చిన డ్రాఫ్టు ఆమె చేతిలోకి వెళ్ళిందంటే ఆయనకు చెమటలు పట్టాల్సిందే. "మొదటి పేరాలో తూర్పు హద్దు డొంకన్నారు. మూడో పేరాలో కాలవన్నారు. డొంకా, కాలవా? తేల్చుకుని రండి సార్, అప్పుడు కొడతా" అని మొహం మీదే అనేస్తుంది. నోరు పెద్దదని ఊళ్ళో పేరు. పేరేముంది, నిజంగానే పెద్దది.

ఆమెకు ఇంకో అలవాటుంది. ఏ కాగితమైనా సరే, సంతకం పెట్టే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తుంది. "తొందరగా కానీయమ్మా, బస్సు పోద్ది" అని విసుక్కున్నా వినదు. "వేలిముద్ర నీది. లోపల ఏముందో నీకు తెలవకపోతే ఎట్టా?" అంటుంది. ఆ అలవాటు ఎలా వచ్చిందో ముందుకు పోయాక తెలుస్తుంది.

ఇక ఆట సంగతి. ఆరేళ్ళ కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం, జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రత్యూష ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది. నూట ఎనభై పేజీలు. ప్రింటు తీసి స్పైరల్ వేయమంది. బయట వాన దంచి కొడుతోంది, ప్రింటరేమో నత్తనడక. చేసే పని లేక జాన్‌బీ బయటికి వచ్చిన పేజీలు వచ్చినట్టే చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతుంది కానీ ఒక్క కామా కూడా వదలదు.

"ఇదేంది అమ్మాయ్, కొత్త చట్టమా?"

"కాదక్కా. ఆట. కంపెనీ వాళ్ళు ఉచితంగా పెట్టిన నియమాలు."

"ఆటకి ఇన్ని సెక్షన్లా!"

ప్రత్యూష నవ్వి వివరించింది. ఒకరు కథ చెబుతారు. కోటలు, అడవులు, రాక్షసులు, మంత్రాలు ఉండే కథ. మిగతావాళ్ళు ఆ కథలోకి తలా ఒక మనిషై దిగుతారు. ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికురాలు, ఒకరు దొంగ. నేను గోడెక్కుతానంటే ఎక్కగలడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎంత పడితే ఏమవుతుందో చెప్పేవే ఈ నియమాలు. పందెం లేదు, డబ్బు లేదు, గెలుపూ ఓటమీ లేవు. కథ ఎటు పోతే అందరూ అటు పోవాలి.

జాన్‌బీ అంతా విని, "అరవై ఒకటో పేజీలో గుర్రమెక్కినోడు దిగకుండా కత్తి దూయొచ్చన్నారు. తొంభై నాలుగులో దిగాలన్నారు. దిగాలా, వద్దా?" అంది.

ప్రత్యూష నోరు తెరిచింది. ఆ సందేహం మీద ప్రపంచంలో ఆ ఆట ఆడే వాళ్ళంతా రెండేళ్ళుగా ఇంటర్నెట్లో జుట్లు పట్టుకుంటున్నారట.

అలా పట్టుకుంది పిచ్చి. నెల తిరిగేసరికి కథ చెప్పేది జాన్‌బీ అయింది, ఆడే వాళ్ళు నలుగురయ్యారు. ప్రత్యూష మాంత్రికురాలు. హైస్కూల్లో లెక్కలు చెప్పే సుధీర్ బాబు మాస్టారు దొంగ, పాపం ఆదివారం చర్చి అయ్యాకే వచ్చి దొంగ అయ్యేవాడు. జాన్‌బీ భర్త మౌలాలీ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో మేస్త్రీ. అతను ఆటలో విలుకాడు. నాలుగోది అంకమ్మ, ఆఫీసు గేటు పక్కన ఇడ్లీ బండి నడిపే మనిషి. అక్షరమ్ముక్క రాదు, కానీ ఆమె వీరురాలు మహారాణి రణచండి పేరు చెబితే రాక్షసులు కూడా పక్కకు తప్పుకోవాలి. మౌలాలీ మూల విరిగిన ఒక నల్ల నాపబండ తెచ్చి, మిషనుతో దాని మీద నిలువు, అడ్డం గళ్ళు కోశాడు. దాని మీద సుద్దముక్కతో కోట గోడలు గీయడం, తడిగుడ్డతో చెరిపేయడం. వీరుల బదులు చింతగింజలు. ప్రతి ఆదివారం ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి మూడో గదిలో ఆట.

కంపెనీ ఏడాదికి నాలుగైదు కొత్త పుస్తకాలు వేస్తుంది. కొన్ని నియమాలవి, కొన్ని కొత్త కథలవి. ఏవి వస్తాయో ముందు ఎవరికీ చెప్పదు. మరి జాన్‌బీ చెప్పేది! ఎట్టా అని అడిగితే, "ఇందులో మంత్రమేముంది? ఏ రూలు మీద తగాదా ఎక్కువుంటే ఆ రూలుకే కొత్త పుస్తకం వచ్చిద్ది. సర్కారు జీవోలు రావట్లా అట్టా? ఇన్నేళ్ళు చూశా" అనేది. ఆట ఆడే వాళ్ళు ఇంటర్నెట్లో దేని మీద పోట్లాడుకుంటున్నారో ప్రత్యూష చేత చదివించుకుని, నోటుబుక్కులో గీతలు పెట్టుకునేది. మొదటి ఏడు గుర్రాల పుస్తకం వస్తుందంది. వచ్చింది. రెండో ఏడు మూడు చెప్పింది, రెండొచ్చాయి. ఆ తర్వాత గనుల ఊళ్ళో జబ్బు పాకే కథ వస్తుందంది, అదీ వచ్చింది. ప్రత్యూష ఆ జోస్యాలను ఇంగ్లీషులో పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో ఎదురు చూడటం మొదలుపెట్టారు.

మొదట్లో డెబ్భై శాతం, నలభై శాతం అని చెప్పేది. అంకమ్మకు ఒళ్ళు మండింది. "శాతాలు నాకేం తెలుసే? ఆదాయమెంత, వ్యయమెంత అట్టా చెప్పు" అంది. ఉగాది నాడు గుడిలో అయ్యవారు పంచాంగం చదివి ఒక్కో రాశికి ఆదాయం, వ్యయం చెబుతాడు కదా, అలాగన్నమాట. జాన్‌బీకి ఆ పద్ధతి భలే నచ్చింది. పుస్తకం వచ్చే అవకాశం ఆదాయం, రాకపోయే అవకాశం వ్యయం. ఆ ఏటి నుంచీ ఉగాది సాయంత్రం గుడిలో పంచాంగం అయిపోగానే అంకమ్మ బండి దగ్గర జాన్‌బీ ఆట పంచాంగం. వినడానికి పాతికమంది దాకా చేరేవాళ్ళు. ఆట ఒక్కరికీ తెలియదు, అయినా వినేవాళ్ళు. ఉగాది పచ్చడి కూడా అంకమ్మే పంచేది.

ఈ ఏటి పంచాంగంలో ఇలా ఉంది: కొండకోట ముట్టడి, వైశాఖంలో, ఆదాయం 14, వ్యయం 2. ముసలి రాజు చావు, వారసుల పోరు, ఆదాయం 11, వ్యయం 5. దొంగదారుల నియమాలు, ఆదాయం 8, వ్యయం 8. ఓడలు, సముద్రం, ఆదాయం 2, వ్యయం 14. చదివాక ఎప్పటిలాగే ఒక కాపీ గది తలుపుకు అంటించింది.

అంటించిన వేళ బాగాలేదు. పంచాయతీ ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి. మా వైపు ఎన్నికలంటే ముందు వేడెక్కేది స్టేషను. ఎవడో మహానుభావుడు ఆ కాగితాన్ని ఫోటో తీసి స్టేషనుకు పంపాడు. కోట ముట్టడంట, వైశాఖంలోనంట, పక్కన అంకెలంట, పాచికలంట, ఆదివారం తలుపేసుకుని గుంపు కూడతారంట! ఇంకేముంది, వారం తిరక్కుండా, ఆదివారం ఆట మధ్యలో ఎస్సై జీపు దిగాడు.

"ఏందిది?" అన్నాడు బండ మీద గీసిన కోటను చూసి.

"ఆట సార్" అంది జాన్‌బీ.

"పాచికలేసి ఆడే ఆటనేమంటారో నాకు చెప్తావా?"

"మీరేమంటారో నాకు తెలుసు సార్. డబ్బులు యాడ ఉన్నయ్యో చూపించండి మరి."

ఎస్సై తలుపు మీది కాగితం పీకి చదివాడు. "ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. ఎవరి ఆదాయం? లక్షలా, వేలా? ఇది బెట్టింగు రేటు కాదూ?"

"అయ్యో రామా, పంచాంగం ఎరగరా సార్ మీరు?" అని అంకమ్మ పకపకా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. పోలీసులతో వేళాకోళమేంటని మౌలాలీ కళ్ళతో వారించాడు కానీ అప్పటికే ఎస్సై మొహం మాడిపోయింది. నోటుబుక్కూ పాచికలూ పట్టుకుపోయారు. బండ కూడా పట్టుకుపోదామని ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో పక్కన పట్టుకుని లేపారు. అది కదిలితేగా! నడుం పట్టేసి ఒకాయన అక్కడే కూలబడ్డాడు. అంకమ్మే ఆయనకు మంచినీళ్ళిచ్చింది.

మర్నాడు పొద్దున్నే చలమయ్య గారు జాన్‌బీ గదిలోకి వచ్చి కూర్చున్నారు. చెడ్డవాడు కాదు. భయస్తుడు.

"అమ్మాయ్ జాన్‌బీ, ఎస్సై గారితో మాట్లాడా. బైండోవర్‌తో పోద్దంటున్నాడు. వచ్చే సోమవారం తహసీల్దారు ముందు నిలబడి, తప్పయింది, ఇక గుంపుగా చేరం, ఆట ఆడం అని రెండు ముక్కలు రాసిచ్చి సంతకం పెట్టండి. ఐదుగురూ."

"చెయ్యని తప్పు అయిందని ఎట్టా రాసిస్తానండీ?"

"రాస్తే పోయేదేముందమ్మా, కాగితమేగా? నువ్వు రోజుకి యాభై రాస్తావు. రాయనంటే మాత్రం నెలాఖరుకి గది ఖాళీ చెయ్. నా కొట్టు ముందు జీపు ఆగితే బేరాలు పోతయ్."

కాగితమేగా! ఆ మాట అన్న మనిషికి తెలియదు కానీ, కాగితం ఏం చేస్తుందో చూడాలంటే ఆ గది గుమ్మంలో నిలబడి ఇడ్లీ బండి వెనక్కి చూస్తే చాలు. అక్కడ అంకమ్మ మొగుడు యల్లమంద గిన్నెలు కడుగుతూ ఉంటాడు, అందరికీ వీపు తిప్పి.

పదకొండేళ్ళ కిందట ఒక ఎన్నికప్పుడు పోలింగ్ బూత్ దగ్గర రాళ్ళు పడ్డాయి. యల్లమంద అటుగా కట్టెలమోపుతో పోతున్నాడు. దొరికిన వాళ్ళందరినీ పట్టుకొచ్చారు. "ఇకమీదట తగాదాలకు పోను" అని స్టేషన్ నుంచి వచ్చిన డ్రాఫ్టును పద్దెనిమిదిమంది పేర్లు మార్చి మార్చి టైపు చేసింది జాన్‌బీయే. చదివి వినిపించలేదు. తీరిక లేదనుకుంది. యల్లమంద వేలిముద్ర వేశాడు. తగాదాలకు పోనని రాసిచ్చాడంటే పోయేవాడన్నమాటేగా! ఆ ఎన్నిక పోయింది, ఇంకోటొచ్చింది. ఏ ఎన్నికొచ్చినా గొడవలు చేసేవాళ్ళంటూ స్టేషను తీసే లిస్టులో యల్లమంద పేరు ఉంటుంది, స్టేషను అరుగు మీద పొద్దంతా కూర్చోబెడతారు. ఇప్పుడతను ముగ్గురు నిలబడ్డ చోట నిలబడడు. పెళ్ళికెళితే మొదటి బంతిలో తిని వచ్చేస్తాడు. తమ్ముడు పోతే పాడె దగ్గర కూడా వెనకే ఉండిపోయాడు. అంకమ్మ ఈ విషయం మీద జాన్‌బీని ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. అనకపోవడమే జాన్‌బీకి నొప్పి. అప్పటి నుంచే ఏ కాగితమైనా చదివి వినిపించడం.

"నేను పెట్టను చలమయ్య గారూ" అంది.

"గది?"

"గది మీది. సంతకం నాది."

అయితే అది మాట అన్నంత తేలిక కాదు. ఆ గది పోతే పని పోయినట్టే. గేటు ఎదురుగా ఇంకో గది దొరకదు, సందులోకి పోతే అర్జీదారు వెతుక్కుంటూ రాడు. మౌలాలీ ఆ సాయంత్రం, "నువ్వు పెట్టనంటే నేనూ పెట్టను, నాకేందంట" అని ఊరుకున్నాడు. సుధీర్ బాబు మాస్టారు మాత్రం మర్నాడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నాది గవర్నమెంటు ఉద్యోగం. కేసంటే సస్పెన్షన్. నేను స్టేషనుకెళ్ళి పెట్టేశాను."

జాన్‌బీకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ బయటికి రానీయలేదు. "ఎవరు చదివి వినిపించారు మాస్టారూ?" అని మాత్రం అడిగింది. ఎవరూ వినిపించలేదన్నాడాయన.

ప్రత్యూషకు ఒక ఆశ ఉంది. గురువారం కంపెనీ కొత్త పుస్తకాలు ప్రకటిస్తుంది. "కోట ముట్టడి వస్తే ఎస్సైకి ఫోన్‌లో చూపిద్దాం అక్కా. ఇదిగో, ఇది పుస్తకం, మేం చెప్పింది దీని గురించేనని. ఇంకేమంటాడు?" అంది. జాన్‌బీకి కూడా ఆశ పుట్టింది. పద్నాలుగు ఆదాయం, రెండే వ్యయం. ఇంత గట్టిగా ఆమె ఏ ఏడూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున కాలేజీకి పోతూ ప్రత్యూష స్కూటీ ఆపింది. దిగలేదు.

"ఓడలక్కా" అంది.

"ఏంది?"

"ఓడలు, సముద్రం. కోట లేదు. ముసలి రాజు లేడు. మొత్తం సముద్రమే, మూడు పుస్తకాలు."

జాన్‌బీ కుర్చీలో కూలబడింది. తర్వాత తన నుదుటి మీద తనే కొట్టుకుంది. "మన ఆటలో ఓడ గురించి ఒక్క తగాదా రాలా. ఎందుకు వచ్చిద్ది? మనమెవ్వరం ఓడెక్కలా! నేనెరిగిన సముద్రం సూర్యలంకలో మోకాళ్ళ దాకే. ఇంటర్నెట్లో ఓడల గొడవ నువ్వు చదువుతుంటే, అదెవరికి కావాలిలే అని గీతలు పెట్టలా నేను. చానా తప్పు చేశా అమ్మాయ్."

"ఇప్పుడేం చేద్దాం?"

"చేసేదేముంది? సోమవారం పోవాలిగా, పోదాం."

సోమవారం తహసీల్దారు మేడం ముందు నలుగురు నిలబడ్డారు, ఎస్సై ఒక పక్క. విషయం ఆయనకూ ఎవరో చేరవేశారు. నోటుబుక్కు బల్ల మీద పడేసి, "ఏమ్మా, జోస్యం తప్పిందంటగా? కోట రాలేదంటగా? మరి ఏ కోట గురించి రాశావు?" అన్నాడు.

"తప్పింది సార్. నా లెక్క తప్పింది, ఒప్పుకుంటున్నా. నిరుడు ఉగాదికి గుళ్ళో అయ్యవారు వానలు దండిగా అన్నాడు. పడలా. ఆయన్ని బైండోవర్ చేశారా?"

మేడం నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిరగేశారు. "సరే, సంతకాలు పెట్టి వెళ్ళండి. నాకు అవతల మీటింగుంది" అన్నారు.

"పెడతా మేడం. ముందు నోటీసు ఇవ్వండి. నా మీద వచ్చిన సమాచారం ఏందో అందులో రాయాలి. రూలే. ఇన్నేళ్ళలో మీ ఆఫీసువి నేనెన్ని కొట్టలా? ఈ మధ్య అందరూ అది వదిలేస్తున్నారు గానీ, రాయాలి."

మేడం ఎస్సై వైపు చూశారు. ఎస్సై, "రాయిస్తా, దానికేముంది" అన్నాడు. ఆఫీసు ఆపరేటర్ ఆ రోజు సెలవు. అతను సెలవు పెడితే ఎప్పుడూ పిలిచేది ఎవర్ని? జాన్‌బీనే. ఆమె ఎవరూ చెప్పకముందే పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. "చెప్పండి సార్, కొడతా" అంది.

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. "పై వ్యక్తులు ఆదివారం నాడు ఒక గదిలో గుంపుగా చేరి..."

"చేరి?"

"ఒక కోటను ముట్టడించుటకు పథకం వేయుచున్నారని..."

"ఏ కోట సార్?"

ఎస్సై నోటుబుక్కు తిరగేశాడు.

"సర్వే నంబరు చెప్పండి. పోనీ హద్దులు చెప్పండి. తూర్పు ఏంది, పడమర ఏంది? మనకి దగ్గర్లో కోటంటే కొండవీడే. అదనే కొట్టమంటారా? పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి పోతాం. నలుగురం, అంకమ్మక్క గరిటె ఒకటి."

గది గుమ్మంలో అటెండర్ కిసుక్కుమన్నాడు. జాన్‌బీ నవ్వలేదు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఎస్సై వైపే చూస్తోంది.

"ఎస్సై గారూ," అన్నారు మేడం పెన్ను కింద పెట్టి, "దీని కింద సంతకం పెట్టేది నేను. రేపు పైనుంచి ఎవరన్నా అడిగితే ఏ కోటని చెప్పాలి?"

ఎస్సై మొహం కందగడ్డయింది. "సరే, ఈసారికి వార్నింగ్ ఇచ్చి వదిలేస్తాం, పొండి" అన్నాడు.

లేచి పోవచ్చు. ప్రత్యూష లేవమని సైగ కూడా చేసింది. జాన్‌బీ కదల్లేదు.

"వార్నింగ్ వద్దు సార్. వార్నింగంటే తప్పు చేసినట్టే. రేపు ఇంకో ఎన్నికకి ఆ వార్నింగ్ చూపించి మళ్ళీ పిలుస్తారు. సమాచారం నిజం కాదని తేలింది, అని రాయండి. ఒక్క ముక్క. నేనే కొడతా." కొట్టింది కూడా. ప్రింటు తీసి, నిలబడి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. సుధీర్ బాబు పేరు కూడా అందులో కలిపింది. మేడం గడియారం చూసుకుని, ఎస్సైని చూసి, సంతకం పెట్టారు.

అప్పుడు జాన్‌బీ సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. అంకమ్మకు కూడా చెప్పలేదు దాని సంగతి. యల్లమంద పేరు లిస్టులోంచి తీసేయమని అర్జీ. కింద అతని వేలిముద్ర.

"ఇది ఇవాళ్టి సంగతి కాదు కదమ్మా" అన్నారు మేడం.

"పదకొండేళ్ళ సంగతి మేడం. ఆ కాగితం కొట్టింది నేనే. ఆయనకి చదివి వినిపించకుండా కొట్టా. తీస్తారో తియ్యరో మీ ఇష్టం, మీ పైవాళ్ళిష్టం. ముట్టినట్టు స్టాంపు వేసివ్వండి. ముట్టలేదని రేపు అనకుండా." అంకమ్మ పక్కకు తిరిగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

స్టాంపు పడింది. అంతే, అంతకుమించి ఆ రోజు ఏమీ జరగలేదు. నోటుబుక్కు వెనక్కి ఇచ్చారు. పాచికలు కనపడలేదన్నారు.

చలమయ్య గారు గేటు దగ్గరే ఎదురొచ్చి, "గది ఉంచుకోమ్మా. కానీ ఆట మాత్రం నా గదిలో వద్దు. మూసిన తలుపుల వెనక ఆడితేనేగా ఈ అనుమానాలు" అన్నారు.

"నిజమే చలమయ్య గారూ. రోడ్డుందిగా" అంది జాన్‌బీ.

ఆ ఆదివారం మౌలాలీ యూనిట్ నుంచి ఆరుగురు వచ్చి బండను మోసుకొచ్చి ఇడ్లీ బండి పక్కన రెండు దిమ్మెల మీద పెట్టారు. జీపు రోజూ పోయే దారే అది. మూడో గది తలుపుకు కొత్త కాగితం: "ఓడలు, సముద్రం అని చెప్పవలసింది. కోట అని చెప్పాను. నా లెక్క తప్పింది. కారణం, మనమెవ్వరం ఓడ ఎక్కలేదు. వచ్చే ఉగాదికి మళ్ళీ చెబుతాను." పాచికలు లేవు కాబట్టి స్టీలు గ్లాసులో ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు. సుధీర్ బాబు ఎదురు పిట్టగోడ మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. సంతకం పెట్టిన మనిషి, రావడానికి మొహం చెల్లలేదు. పేజీ మాత్రం తిప్పడం లేదు.

జాన్‌బీ సుద్దముక్కతో బండ మీద ఓడ గీయడం మొదలుపెట్టింది. బాగా రాలేదు. పడవలా వచ్చింది.

జీపు వచ్చింది. నెమ్మదించింది. ఎవరూ లేవలేదు. అంకమ్మ జీపును తిన్నగా చూస్తూ, "మహారాణి రణచండి ఓడెక్కింది" అని వీధంతా వినపడేట్టు చెప్పి చీటీ తీసింది. జీపు పోయింది.

అప్పుడు బండి వెనక గిన్నెల చప్పుడు ఆగింది. యల్లమంద తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చి బండకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. కూర్చున్న వాళ్ళను ఒక్కొక్కరినీ కళ్ళతో లెక్కపెట్టాడు. నలుగురు. తనతో ఐదుగురు.

"నేనూ కూర్చోవచ్చా?" అన్నాడు.

అంకమ్మ బల్ల మీద పక్కకు జరిగింది. యల్లమంద కూర్చున్నాడు. రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

జాన్‌బీ కొత్త కాగితం తీసింది. "బావా, ఆటలో నీ మనిషికి పేరు కావాలి. రాజని పెట్టుకో, సింహమని పెట్టుకో, నీ ఇష్టం. ఏం పెట్టమంటావ్?"

"వేరే పేరెందుకు? నా పేరే రాయి. ఇంటిపేరుతో సహా."

జాన్‌బీ రాసింది. అతను వీరుడని, కత్తి ఉందని, ఏ నేరమూ చేయలేదని రాసింది. రాసినదంతా మొదటి నుంచి చివరిదాకా అతనికి చదివి వినిపించింది. యల్లమంద శ్రద్ధగా విని, సరిగ్గానే ఉందన్నాడు.